బత్తాయి మీద బొట్టు

"సార్, భూమి గుండ్రంగ ఉంటదని మన శాస్త్రాలల్ల రాసి ఉన్నదా?"

పొద్దున్నే గేటు తీసుకుని వచ్చి, వరండాలో బత్తాయిల బుట్ట దించి, జనార్ధన్ రెడ్డి అడిగిన మొదటి మాట అది. పట్టాభి చేతిలోని కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ప్లాట్లు అమ్ముకునే మనిషి. ఈ ఇల్లు కట్టుకున్న స్థలం కూడా అతను అమ్మిందే. నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా, మీ గుంటూరు వైపు స్థలం కొనేవాళ్ళున్నారా అని తప్ప ఇంకో ప్రశ్న అతని నోట ఎప్పుడూ వినలేదు.

"ఉంది," అన్నాడు పట్టాభి. "తెల్లవాళ్ళు ఓడ ఎక్కకముందే మన సిద్ధాంతులు దాని చుట్టుకొలత కూడా లెక్క కట్టారు."

"పక్కానా?"

"పక్కా. చంద్రగ్రహణం రోజున చంద్రుడి మీద పడే నీడ చూడు. అంచు వంపుగా ఉంటుంది. ఆ నీడ భూమిదే."

జనార్ధన్ రెడ్డికి నీడతో పని లేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "గుండ్రంగ ఉన్నదానికి నడుమ ఏడుంటది సార్?"

పట్టాభికి నవ్వొచ్చింది. సంస్కృత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఇంత సూటి ప్రశ్న అడిగిన విద్యార్థి ఆయనకు దొరకలేదు. "పైభాగం మీదనా? ఎక్కడా ఉండదు. ఉందనుకుంటే ప్రతిచోటా ఉంటుంది. నువ్వెక్కడ నిలబడితే అదే నడుమ."

"గీ మాట చాలు!" జనార్ధన్ రెడ్డి తొడ చరిచాడు. "ఆదివారం మా పోచన్నగూడ పెద్దమనుషుల ముందర గీ ఒక్క ముక్క చెప్పాలె సార్ మీరు."

సంగతి అప్పుడు బయటపడింది. విజయవాడ రోడ్డు నుంచి అతని కొత్త లేఅవుట్లోకి వెడల్పాటి దారి వేయాలి. ఆ దారి తిన్నగా వచ్చి పోచన్నగూడ బొడ్రాయికి గుద్దుకుంటోంది.

"బొడ్రాయి అంటే ఊరి బొడ్డు సార్. ఊరు పుట్టిననాడు నడిమిట్ల పాతిన రాయి. అది కదిలితే ఊరికి అరిష్టమంటరు. కూలోళ్ళు గడ్డపార పట్టరు. నేను పడ్తనంటే మా అమ్మ అన్నం ముట్టనన్నది. మీరు బ్రాహ్మలు, చదువుకున్నోళ్ళు. మీరు చెప్తే ఇంటది."

"రాయిని ఏం చేస్తావు?"

"పారేస్తనా? గదో, మీ ఇంటి ముంగట పార్కు జాగ ఖాళీగనే ఉన్నది గద. ఆడ మంచిగ గద్దె కట్టిస్త. పక్కకే మీ ప్రవచనాలకు మంటపం. మీ పేరే రాయిస్త సార్, పాలరాయి మీద."

పట్టాభి ఎదురుగా ఉన్న ఖాళీ జాగా వైపు చూశాడు. పల్లేరు మొక్కలు, రెండు సిమెంటు తూములు, తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళు. వాటి మధ్యన ఆయనకు మంటపం కనిపించింది. స్తంభాలతో సహా కనిపించింది.

జనార్ధన్ రెడ్డి మోటారుసైకిలు మలుపు తిరిగాక భార్య ఇందిరాదేవి చేటలో బియ్యంతో వరండాలోకి వచ్చింది. "మొన్న ప్రవచనంలో భూమి తామరపువ్వన్నారు. ఇవాళ బంతి అంటున్నారు."

"అది పురాణం, ఇది సిద్ధాంతం. రెండూ మనవే."

ఆవిడ బియ్యంలో రాయి ఏరి గేటు అవతలికి విసిరింది. "ఆ బొడ్రాయి చుట్టూ ఇళ్ళున్నాయి కదండీ?"

"ఇళ్ళ మాట అతను ఎత్తలేదే."

"ఎత్తలేదనే అంటున్నా," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

పోచన్నగూడ ఆ కాలనీకి ఆనుకునే ఉంది. జనార్ధన్ రెడ్డి తల్లి పేరు మీద వెలసిన అనంతమ్మ కాలనీ ఒకవైపు, ఎల్.బి. నగర్ చౌరస్తాకు పోయే కంకర బాట ఇంకోవైపు. మధ్యలో ఆ పాత ఊరు ఎవరో మరిచిపోయిన మూటలా మిగిలింది. సాయంత్రం చేతికర్ర పట్టుకుని పట్టాభి అటు నడిచాడు.

బొడ్రాయి మోకాలెత్తు నల్లరాయి. పసుపు మీద పసుపు పడి అట్టలు కట్టింది. దాని చుట్టూ మట్టిగోడల ఇళ్ళు, పెంకులు జారిన కప్పులు. మొదటి ఇంటి ముందు సత్తెమ్మ నేల మీద కూర్చుని బుట్ట అల్లుతోంది. మేదరి మనిషి. పండ్ల మార్కెట్టు కొత్తపేటకు వచ్చాక చేతినిండా పని. వెదురు బద్దల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి, అవి కలిసే చోట బొటనవేలితో తొక్కిపట్టి, సన్నటి బద్దను చుట్టూ తిప్పుతోంది. వేలు తియ్యకుండానే తలెత్తింది.

"ఏం పంతులుసారు, మా మ్యాక మల్ల మీ మందారం మేసిందా?"

"లేదులే. గేటు వేసే ఉంచుతున్నాం."

"అది గేటు ఎక్కనీకి నేర్చుకుంటున్నది. జర పైలం." నవ్వింది. నవ్వు ఆగింది. "ఆదివారం నువ్వే మాట్లాడ్తవంట గద."

"రాయి గురించి."

"రాయి ఏడున్నా దండం పెడ్తం సారు. దానికి మేం కాదనం. గని మాకు కాయితాల్లెవ్వు. బొడ్రాయి సుట్టు ఉన్నది గ్రామకంఠం, ఊరుమ్మడి జాగ. దానికి పట్టా ఇయ్యరు, ఎవనికీ ఇయ్యరు. గీ ఇల్లు ఎవలదని అడిగితే మా అత్త గా రాయి దిక్కు చెయ్యి చూపిచ్చేది. నేను గూడ గంతే. రాయి పోతే ఏం చూపియ్యాలె?"

ఆమె చేతులు ఆగలేదు. కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి. ఆ క్షణాన పట్టాభి, జనార్ధన్ రెడ్డిని అడిగి చెబుతాను అనవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. దాని వెనకే మంటపం వచ్చింది.

"ఇళ్ళకేం కాదు సత్తెమ్మా. కదిలేది రాయొక్కటే."

"గట్లని రెడ్డి చెప్పిండా?"

"చెప్పాడు."

"సరే తియ్. నువ్వన్నవ్ గద, నమ్ముత." బొటనవేలు తీసింది. బుట్ట అడుగు విడిపోకుండా నిలిచింది. "అబద్ధమాడితే నీ దేవుడే నిన్ను సూస్కుంటడు."

*

ఆదివారం బొడ్రాయి ముందు షామియానా వేశారు. జనార్ధన్ రెడ్డిని పక్కకు పిలిచి పట్టాభి మెల్లగా అడిగాడు. "ఇళ్ళ సంగతేమిటి?"

"గది ఇప్పుడెందుకు సార్? అందరు ఎదురుచూస్తున్నరు," అని అతను ఆయన భుజం మీద చెయ్యి వేసి మైకు దగ్గరికి నడిపించాడు.

ముందు వరసలో అనంతమ్మ తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని మంచం మీద కూర్చుంది. పక్కన నేల మీద సీతారాములు, ఊళ్ళో అందరికంటే పెద్దవాడు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు. పట్టాభి శ్లోకం చదివాడు, అర్థం చెప్పాడు. ఎవరి ముఖంలోనూ ఏమీ కదల్లేదు.

"గుండ్రంగ ఉంటే కిందికెళ్ళి ఉన్నోళ్ళు పడరా?" అన్నాడు సీతారాములు.

అందరూ నవ్వారు. పట్టాభి, జనార్ధన్ రెడ్డి తెప్పించిన పండ్ల బుట్టలోంచి ఒక బత్తాయి తీశాడు. "పెద్దయ్యా, దీని మీద చీమ పాకుతుందనుకో. పడిపోతుందా? అది ఎటు పోయినా కాళ్ళకింద పండే, నెత్తిమీద ఆకాశమే."

బొడ్రాయి దగ్గర వంగి కుంకుమ వేలికి అద్దుకున్నాడు. బత్తాయి మీద బొట్టు పెట్టి అనంతమ్మ ముందు పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ బొట్టు నడిమిన ఉందా?"

"నడిమిట్లనే ఉన్నది."

పైపంచె కొసతో తుడిచాడు. పండు తిప్పి ఇంకో చోట పెట్టాడు. "ఇప్పుడు?"

ముసలావిడ పరీక్షగా చూసింది. పండుని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "గిప్పుడు గూడ నడిమిట్లనే."

"అంతే. పాత చోట ఎంత నడుమో, కొత్త చోటా అంతే నడుమ. శాస్త్రోక్తంగా పీకి శాస్త్రోక్తంగా పాతితే దోషం లేదు."

"శాస్త్రంల గట్లనే ఉన్నదా అయ్యగారూ?"

"ఉందమ్మా."

"అయితే నాదేం లేదు," అంది అనంతమ్మ. జనార్ధన్ రెడ్డి తల్లి మీద చెయ్యి పెట్టి, బొడ్రాయికి అపచారం చెయ్యనని ఒట్టేశాడు.

ఒప్పుకున్నవాళ్ళని చెయ్యెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. సత్తెమ్మ బత్తాయి వైపు చూడలేదు. పట్టాభి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె చెయ్యి లేచింది. ఆ చెయ్యి చూసి వెనక ఉన్న చేతులన్నీ లేచాయి.

జనార్ధన్ రెడ్డి తల్లి చేతిలోంచి బత్తాయి తీసుకుని, బొటనవేలి గోరు దింపి, తొక్క ఒలిచి, తొనలు విడదీసి పెద్దమనుషులకు పంచాడు. పట్టాభికి ఒకటి ఇచ్చాడు. తియ్యగానే ఉంది.

*

బొడ్రాయి ప్రతిష్ఠకు ఒక కట్టు ఉంది. ఆ పూట ఊళ్ళో ఏ పొయ్యీ వెలగకూడదు. ఇంట్లో ఒక్క మనిషి మిగలకూడదు. ముసలీ ముతకా అందరూ రాయి వెంట నడవాలి. రాయి నిలబడి, దాని ముందు బోనం దించేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే రాయి నిలవదు. అనంతమ్మ ముందురోజే ఇంటింటికీ కబురు చేసింది. నడవలేని సీతారాముల్ని ఎడ్లబండి ఎక్కించారు.

డప్పులు ముందు, రాయి బండి వెనక, ఆ వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు. కొత్త చేట తేవడం మేదరి ఇంటి వంతు. సత్తెమ్మ కొత్త చేటలో పసుపు, బియ్యం పోసుకుని తలమీద పెట్టుకుని నడిచింది. కాలనీవాళ్ళు మేడలెక్కి చూశారు. కాలనీ సెక్రెటరీ రామారావు, బ్యాంకు ఉద్యోగి, టూ-ఇన్-వన్‌లో కొత్త క్యాసెట్టు పెట్టుకుని గద్దె పక్కనే నిలబడ్డాడు. పట్టాభి మాట్లాడే ప్రతి మాటా రికార్డు చేయడం అతనికి ఆదివారం అలవాటు.

రాయిని గుంటలో దించారు. ఊరంతా దాని చుట్టూ వలయంగా నిలబడింది, ముఖాలు రాయికి, వీపులు పాత ఊరికి. మైకు ముందు నిలబడిన పట్టాభి ముఖం ఒక్కటే అటువైపు ఉంది.

మంత్రం మధ్యలో ఉండగా ఆయనకు దుమ్ము కనిపించింది. పోచన్నగూడ కప్పుల మీదుగా ఎర్రటి దుమ్ము లేచి చింతచెట్టు కొమ్మల్ని కప్పింది. ఎండాకాలం సుడిగాలి అనుకున్నాడు. సుడిగాలి కదులుతుంది. ఇది కదల్లేదు. అణిగి, కొంచెం పక్కగా మళ్ళీ లేచింది. జనార్ధన్ రెడ్డి కోసం చూశాడు. గుంట దగ్గర లేడు. తల్లి పక్కనా లేడు.

ప్రతిష్ఠ మంత్రం మధ్యలో ఆపితే కర్త చెడతాడు. ఆయన ఆపలేదు. గొంతు ఇంకొంచెం పెంచాడు. డప్పులవాళ్ళు ఆయన గొంతుకు దరువు పెంచారు. దుమ్ము మూడోసారి లేచింది. పట్టాభి కళ్ళు మూసుకుని చివరిదాకా చదివాడు.

బోనాలు దిగాయి. కట్టు విడిచింది. జనం వెనక్కి తిరిగారు. మొదటి కేక సత్తెమ్మది కాదు, సీతారాములిది. బండి మీద ఎత్తుగా కూర్చున్నాడు కాబట్టి అతనికే ముందు కనిపించింది.

పట్టాభి వెళ్ళేసరికి రెండు ట్రాక్టర్లు పక్కకు తీసి పెట్టారు. వాటికి కట్టిన ఇనప గొలుసులు మట్టిలో పడున్నాయి. గోడలు లోపలికి కూలాయి. ఒక ఇంట్లో ఉట్టి మాత్రం దూలానికి వేలాడుతూ ఊగుతోంది. సత్తెమ్మ గోడకు నిలబెట్టుకున్న వెదుళ్ళ మోపు మీద ట్రాక్టరు చక్రం నడిచింది. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి, వేళ్ళతో తడిమి, పగలనివి ఒకవైపు, పగిలినవి ఒకవైపు పెడుతోంది. ఏడవడం లేదు.

"నీ అమ్మ మీద ఒట్టేసుకుంటివి గద రెడ్డీ!" ఎవరో ఆడమనిషి అరిచింది.

"ఏమని ఒట్టేసుకున్న? బొడ్రాయికి అపచారం చెయ్య అన్న. చేసిన్నా?" జనార్ధన్ రెడ్డి గొంతు తగ్గించే మాట్లాడాడు. "బొడ్రాయి ఏడుంటే ఊరు ఆడ. మీరే చెయ్యెత్తిన్రు. గిప్పుడు గీడ బొడ్రాయి ఉన్నదా? లేదు. మరి గ్రామకంఠం ఏడికెళ్ళి ఒచ్చె? ఇది నా తాత పట్టా జాగ. పంతులుసారునే అడుగుండ్రి, నడుమ అంటే ఏంది అని."

అందరూ పట్టాభి వైపు తిరిగారు. సత్తెమ్మ తిరగలేదు. చేతిలో వెదురు వంచి చూస్తోంది. అది టక్కున విరిగింది.

*

మర్నాడు పొద్దున ఇందిరాదేవి కిటికీ రెక్క తీసి, అలాగే నిలబడిపోయింది.

పార్కు జాగాలో బొడ్రాయి చుట్టూ గుడిసెలు లేచాయి. పగలని వెదుళ్ళు నాలుగు పాతి, పైన తాటాకు చాపలు, ఎరువుల సంచులు కప్పారు. మూడు రాళ్ళ పొయ్యి మీద సత్తెమ్మ గంజి కాస్తోంది. ఆమె మేక బొడ్రాయి గద్దెకు కట్టేసి ఉంది.

ఇందిరాదేవి పెద్ద గిన్నెలో మజ్జిగ కలిపి తనే తీసుకెళ్ళింది. తిరిగొచ్చి గిన్నె కడిగి బోర్లించింది. భర్తతో మాట్లాడలేదు. నిన్నటి నుంచీ ఆవిడ మాట్లాడడం లేదు.

తొమ్మిది దాటకముందే రామారావు ముందుండగా కాలనీవాళ్ళు వచ్చారు. వరండాలో కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు.

"పట్టాభిగారూ, అది మనందరి పార్కండీ. మా పిల్లలు ఆడుకునే చోటు. లేవమంటే ఏమంటోందో తెలుసా ఆవిడ? బొడ్రాయి ఉన్నచోటే ఊరట. శాస్త్రమట. పంతులుగారు చెప్పారట."

"చెప్పాను."

"ఇప్పుడు మీరే సర్దాలి. రేపు రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావరు వస్తున్నాడు. ఆయన ముందు ఒక్క మాట చెప్పండి చాలు. తామరపువ్వు సంగతి. మేరువు ఒక్కటే, నడుమ ఒక్కటే, అది కదలదు అని. అంటే ఊరి నడుమ పాత చోటే. ఇక్కడున్నది ఉత్త రాయి. పాత చోటేమో రెడ్డిది. ఇక గ్రామకంఠమూ లేదు, గొడవా లేదు."

పట్టాభి గేటు వైపు చూశాడు. అవతల సత్తెమ్మ పగిలిన వెదుళ్ళనే చీల్చి చిన్న బుట్ట ఒకటి మొదలుపెట్టింది.

"చెప్పను," అన్నాడు.

"అదేమిటండీ?"

"భూమి గుండ్రం. నేనన్నది అన్నదే. ఆ రాయి ఇక్కడుంటే ఊరు ఇక్కడే."

"తామరపువ్వని మీ నోటితోనే చెప్పారుగా?"

"అది కథ రామారావూ!"

వరండాలో ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. "పురాణం కథా?" అంది వెనక నిలబడిన వేదవతమ్మ. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని, శ్లోకశ్లోకానికీ చెంపలేసుకునే మనిషి. "ఆరు నెలలుగా మాకు కథలు చెప్పారా?"

పట్టాభి నోరు తెరిచాడు. సిద్ధాంతం వేరు, పురాణం వేరు, రెండూ మనవే అని భార్యతో అన్నంత సులువుగా ఈ ముఖాలతో అనలేకపోయాడు.

"మాట జాగ్రత్తండి," అని రామారావు లేచాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగి చూశాడు. గబగబా ఇంటివైపు నడిచాడు.

లోపల్నుంచి ఇందిరాదేవి కాఫీ తెచ్చి భర్త ముందు పెట్టింది. "చల్లారిపోతుంది," అంది. రెండు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

*

గిర్దావరు వచ్చేసరికి ఎండ తిరిగింది. బక్కపల్చటి మనిషి, చంకలో కాగితాల కట్ట, మెడ చుట్టూ చెమట రుమాలు. ఇలాంటి తగాదాలు వారానికి నాలుగు చూస్తున్నట్టు కనిపించాడు. ఒకపక్క కాలనీవాళ్ళు, ఇంకోపక్క గుడిసెలవాళ్ళు, మధ్యలో బొడ్రాయి. జనార్ధన్ రెడ్డి మోటారుసైకిలు మీద ఆనుకుని దూరంగా నిలబడ్డాడు.

"నాకు పురాణాలు తెల్వయ్," అన్నాడు గిర్దావరు. "ఈ రాయి ఊరి బొడ్రాయా కాదా, గది చెప్పుండ్రి. అవునంటే దీని సుట్టు ఉన్నోళ్ళను నేను లేపలేను. కాదంటే వీళ్ళు పార్కు కబ్జా పెట్టినట్టు."

"పంతులుసారును అడుగుండ్రి," అంది సత్తెమ్మ. "పాతింది ఆయననే."

పట్టాభి ముందుకు వచ్చాడు. రాత్రి నిద్ర లేదు. గొంతు మాత్రం తేటగా ఉంది. "ఇది బొడ్రాయే. నేనే ప్రతిష్ఠ చేశాను. ఊరి నడుమ ఇదే. వీళ్ళని కదపకూడదు."

ఇంత పొట్టిగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. గుడిసెలవైపు నుంచి ఎవరో "హమ్మయ్య" అన్నారు. సీతారాములు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నడు?" అని అడుగుతున్నాడు. గిర్దావరు కట్ట విప్పాడు.

రామారావు టూ-ఇన్-వన్ తెచ్చి గద్దె మీద పెట్టాడు. మీట నొక్కాడు.

కాసేపు గరగర. ఎవరిదో దగ్గు. తర్వాత ఆ గొంతు వచ్చింది. నిండుగా, తీరుబడిగా, మాట మాటకీ ఆగి జనం చేత ఊఁ కొట్టిస్తూ.

"...భూమి తామరపువ్వు నాయనా. మేరువు దాని నడిమి దుద్దు. రేకులు ఎన్నైనా ఉండనీ, దుద్దు ఒక్కటే. అది కదిలిందా, పువ్వు లేదు. ఇంటికి దూలం ఎంతో, ఊరికి నాభి అంత. చోటు మారిన నాభి నాభి కాదు నాయనా. అది ఉత్త రాయి. దానికి పెట్టిన దండం గాలికి పెట్టినట్టే..."

క్యాసెట్లో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఎవరివో ఇక్కడ నిలబడ్డవాళ్ళకి తెలుసు. కొందరు తలలు దించుకున్నారు. రామారావు మీట నొక్కి ఆపాడు.

గిర్దావరు పట్టాభిని చూశాడు. "గీ గొంతు మీదేనా?"

"నాదే."

"గప్పుడు చెప్పింది నిజమా, గిప్పుడు చెప్తున్నది నిజమా?"

"అది పురాణం. ఇది..." పట్టాభి ఆగాడు. వేదవతమ్మ ఆయన్నే చూస్తోంది. ఆమె పక్కన ఇందిరాదేవి, ఎప్పుడు వచ్చిందో, చీర చెంగు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. అది కథ అని ఇంకొక్కసారి అంటే చాలు. మాట బయటికి రాలేదు.

గిర్దావరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "రెండు నోళ్ళ సాక్ష్యం నేనేం రాసుకోవాలె సార్? ఈడ బొడ్రాయి లేదనే రాస్కుంటున్న." కట్ట మళ్ళీ కట్టేశాడు. "రేపు పగటాల్లకు ఖాళీ చేయుండ్రి."

జనార్ధన్ రెడ్డి మోటారుసైకిలు స్టార్టు చేశాడు.

*

ఖాళీ చేయించడానికి ట్రాక్టర్లు అక్కర్లేకపోయింది. చాపలు విప్పడానికి ఎంతసేపు. మధ్యాహ్నానికి జాగా మళ్ళీ జాగా అయింది. పొయ్యి రాళ్ళ దగ్గర బూడిద, వెదురు పేళ్ళు మిగిలాయి.

రాయిని తీసి పారేయబోయిన కాలనీ కుర్రాళ్ళని అనంతమ్మ మనిషి వచ్చి ఆపాడు. దానికి చెయ్యి తగిలితే కొడుకు ఇంట్లో మెతుకు ముట్టనని ముసలామె మళ్ళీ భీష్మించిందట. అప్పటికే వేదవతమ్మ దానికి పసుపు రాసి రెండు మందారాలు పెట్టింది. ఉత్త రాయే కానీ, ఎందుకొచ్చిన తంటా అనుకున్నారు. రామారావు చుట్టూ నడిచి కొలతలు చూశాడు.

"గ్రిల్లు పెట్టి పైన రేకు వేస్తే బాగుంటుంది," అన్నాడు పట్టాభితో, ఏమీ జరగనట్టు. "వచ్చే ఆదివారం ప్రారంభం. రెండు మాటలు మీరే చెప్పాలి. పువ్వయినా సరే, బంతయినా సరే. మీ ఇష్టం."

పట్టాభి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

చివరి మూట సత్తెమ్మది. చాపలో వెదురు కత్తి, రెండు గిన్నెలు, సగం అల్లిన బుట్ట చుట్టుకుని తాడు బిగిస్తోంది. మూసారాంబాగ్ వంతెన కింద, మూసీ ఒడ్డున ఆమె తమ్ముడు గుడిసె వేసుకున్నాడట. కిందటేడు వానలకు ఆ ఒడ్డు గుడిసెలు కొట్టుకుపోయాయని పట్టాభి పేపర్లో చదివాడు.

"సత్తెమ్మా. నేను చెప్పాను. నువ్వూ విన్నావుగా..."

"ఇన్న." తాడు పంటితో పట్టి లాగి ముడి వేసింది. "గా డబ్బా నీకన్న గట్టిగ చెప్పింది."

"ఆ రోజు ఇళ్ళ గురించి రెడ్డి నాతో ఏమీ అనలేదు. నేనే..."

"ఎర్కనే సారు." ఆమె మూట తలకెత్తుకుంది. "ఎర్కయ్యే చెయ్యెత్తిన. నువ్వు అబద్ధమాడినా, ఆడినంక మా దిక్కు నిలబడ్తవనుకున్న."

మేకను తాడుతో లాక్కుని రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. ఆమె ముఖంలో కోపం ఉంటే బాగుండుననిపించింది పట్టాభికి.

"ఒక్కటి అడుగుత. గుండ్రమంటివి గద. నేను గిట్ల పడమటి దిక్కు నడుసుకుంట, ఏడ ఆగకుంట, పోయి పోయి పోతే, మల్ల ఏడ తేల్త?"

పట్టాభి గేటు మీద చెయ్యి ఆనించాడు. "ఇక్కడికే."

"శాస్త్రంల ఉన్నదా?"

"ఉంది."

"పక్కానా?"

"పక్కా."

సత్తెమ్మ ఆ ఇంటిని ఒకసారి చూసింది. ప్రహరీ, మందారం చెట్టు, వరండాలో ఖాళీ బత్తాయి బుట్ట. ఆ బుట్ట తను అల్లిందే. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆనించి ఉన్న గేటును చూసింది.

"అయితే గేటు తీసే ఉంచు," అంది.

కంకర బాట మీద ఆమె, ఆమె వెనక మేక, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే లారీల దుమ్ములో కలిసేదాకా పట్టాభి అక్కడే ఉన్నాడు.

దీపాలవేళ ఇందిరాదేవి రోజూలాగే గేటు వేయడానికి వచ్చింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి, వరండాలో కూర్చున్న భర్త వైపు చూసింది. ఆయన బాట వైపు చూస్తున్నాడు, పడమటివైపు కాదు. తూర్పువైపు.

ఆవిడ గొళ్ళెం వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.